ఇంగ్లీషు ‘బాగానే వచ్చు’ దగ్గర ఆగిపోయిందా? 12 వారాల్లో కదిలించడం ఎలా

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. పేపరు చదివేస్తారు, సబ్‌టైటిల్స్ లేకుండా సినిమా చూస్తారు, ఆఫీసు మెయిళ్లు రాస్తారు, కొందరైతే కాలేజీలో ఇంగ్లీషులోనే పాఠం చెబుతారు. అయినా నాలుగైదేళ్లుగా ఉన్నచోటే ఉన్నారు. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష ఎన్నిసార్లు రాసినా తొమ్మిదికి 6.5 దాటదు. ఇంటర్వ్యూలో మొదటి ఐదు నిమిషాలు బాగా నడిచి, తర్వాత మాట తడబడుతుంది. ‘ఇప్పుడు ఏ గ్రామర్ పుస్తకం చదవమంటారు?’ అని అడుగుతారు.

ఏదీ వద్దు. ఈ స్థాయిలో లోటు రూల్స్ తెలియకపోవడం కాదు. రూలు తెలిసినా నోట్లో పాత తప్పే వస్తోంది, వస్తోందన్న సంగతి మీకు వినపడటం లేదు. కాబట్టి ముందు మీ తప్పులు మీ చెవిన పడాలి. తర్వాత వాటిని ఒక్కొక్కటిగా పట్టుకోవాలి. ఈ పద్ధతంతా అందుకోసమే.

ఇది ఎవరికి పనికొస్తుందంటే, తెలిసిన విషయం మీద మూడు నిమిషాలు ఆగకుండా మాట్లాడగలిగేవాళ్లకు. అంతసేపు మాట్లాడలేకపోతే ఇంకొన్నాళ్లు బాగా చదవండి, వినండి, తర్వాత దీనికి రండి. ఇప్పుడే మొదలుపెడితే కాగితం నిండా ఎర్ర పెన్ను దిద్దుబాట్లే కనిపించి విసుగొస్తుంది.

ఎందుకు ఆగిపోతుంది?

సిద్ధాంతం ఒక్క పేరాతో సరిపెడదాం. మీ తప్పుల వల్ల ఎదుటివాళ్లకు అర్థం కాకుండా పోవడం లేదు. అర్థమైంది కాబట్టి ఎవరూ దిద్దరు. దిద్దేవాళ్లు లేక ఆ తప్పు వేలసార్లు నోటికి వచ్చి గట్టిపడిపోతుంది. 1972లో భాషాశాస్త్రవేత్త లారీ సెలింకర్ దీనికి ఫాసిలైజేషన్, అంటే శిలలా గట్టిపడటం, అని పేరుపెట్టారు. మన ఊళ్లలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. మీరు ఇంగ్లీషు మాట్లాడేది ఎక్కువగా తెలుగువాళ్లతోనే. మీ తప్పే వాళ్లదీ కాబట్టి వాళ్ల చెవికి అది తప్పులా తోచదు. వయసు గురించీ అడుగుతుంటారు. ముప్పై దాటాక ఉచ్చారణ మార్చుకోవడం కొంచెం కష్టమే. పదసంపదకు, రాతకు మాత్రం వయసు అడ్డం కాదు. ‘నేను తెలుగు మీడియం’ అన్న బెంగ ఈ స్థాయికి వచ్చాక అనవసరం. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లూ ఇవే తప్పులు చేస్తారు, కాకపోతే వేగంగా చేస్తారు.

కావలసినవి

- రికార్డర్ ఉన్న ఫోను.
- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి. ముందు వైపు నుంచి తప్పుల పట్టిక, వెనక వైపు నుంచి పదబంధాలు.
- ఎర్ర పెన్ను, పచ్చ పెన్ను.
- లెర్నర్స్ డిక్షనరీ, అంటే ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం ఇంగ్లీషులోనే ఉండే నిఘంటువు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ ఏదైనా సరే, మూడూ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఈ పనికి చాలదు. ఒక పదం పక్కన ఏ ప్రిపొజిషన్ వస్తుందో, అది లెక్కపెట్టే నామవాచకమో కాదో సాధారణంగా అందులో ఉండదు.
- ఒక ఇంగ్లీషు దినపత్రిక. సంపాదకీయం ఉన్న పేజీ చాలు.
- తోడు ఒకరు. దొరక్కపోతే ఏం చేయాలో ఐదో మెట్టులో ఉంది.
- రోజుకు 45 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చుంటే ఆ ఫలితం రాదు.

1. ముందు కొలవండి

ఒక విషయం ఎంచుకుని, ఏమీ రాసుకోకుండా, ఒక్క నిమిషం ఆలోచించి, మూడు నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి. విషయం మీకు బాగా తెలిసిందై ఉండాలి, కానీ ఇంగ్లీషులో ఎప్పుడూ చెప్పనిదై ఉండాలి. ‘సెల్ఫ్ ఇంట్రడక్షన్’ వద్దు, అది కంఠస్థమైపోయింది. కొన్ని సూచనలు:

- 1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న కర్నూలు కథ. భూతకాలం, పాసివ్ వాయిస్ తప్పకుండా వస్తాయి.
- రాగి సంగటి ఎలా చేస్తారో ఎప్పుడూ తిననివాళ్లకు చెప్పడం. ఆర్టికల్స్ (ఎ, ఆన్, ద) బండారం ఇక్కడ బయటపడుతుంది.
- అనంతపురంలో వేరుశనగ వేసే రైతులు వేరే పంటలకు ఎందుకు మారుతున్నారు. కారణాలు, షరతులు, ‘ఒకవేళ వాన పడి ఉంటే’ లాంటి వాక్యాలు వస్తాయి.

తర్వాత విని, నోటి నుంచి వచ్చింది వచ్చినట్టే రాయండి. ‘అ… అ…’ అన్నవి, సగంలో వదిలేసిన వాక్యాలు కూడా. మూడు నిమిషాల మాట సుమారు 350 పదాలు ఉంటుంది, రాయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. విసుగు పుట్టే పనే, కానీ మొత్తం పద్ధతిలో ఎక్కువ ఫలం ఇచ్చేది ఇదే.

జాగ్రత్త: ఫోనులో మాటను అక్షరాలుగా మార్చే సదుపాయం వాడకండి. మీరు మింగేసిన ‘ఎస్’లు, వదిలేసిన ‘ద’లు అది చాలాసార్లు తనే పెట్టేస్తుంది. మీరు వెతికేది సరిగ్గా వాటినే.

మరుసటి రోజు 40 నిమిషాల్లో 250 పదాల వ్యాసం ఒకటి రాయండి. ఐఈఎల్‌టీఎస్ రాతపరీక్ష రెండో ప్రశ్నకు ఉండే కొలత అదే కాబట్టి పరీక్ష రాసేవాళ్లకూ పనికొస్తుంది.

2. జారుడును, అలవాటును విడదీయండి

ఒక రోజు ఆగి, రాసుకున్నదాన్ని పచ్చ పెన్నుతో మీరే దిద్దండి. తర్వాత అదే కాగితం మీకంటే బాగా వచ్చినవాళ్లకు ఇచ్చి ఎర్ర పెన్నుతో దిద్దమనండి. పచ్చవి జారుళ్లు: తెలుసు, తొందరలో తప్పింది. ఎర్రవి అలవాటు తప్పులు: కళ్లముందున్నా మీకు కనపడలేదు. రెండింటికీ మందు ఒకటి కాదు. జారుడుకు అభ్యాసం కావాలి. అలవాటు తప్పుకు ముందు అది తప్పని తెలియాలి, అభ్యాసం ఆ తర్వాత. తెలియకముందే అభ్యాసం చేస్తే తప్పే ఇంకా గట్టిపడుతుంది.

కర్నూలు విషయం మీద మాట్లాడితే ఈ స్థాయివాళ్ల నోట వచ్చే ముక్క సుమారుగా ఇలా ఉంటుంది:

“కర్నూల్ వాజ్ ద క్యాపిటల్ ఆఫ్ ఆంధ్రా స్టేట్ ఫ్రమ్ 1953 టు 1956. దట్ టైమ్ దే ఆర్ కీపింగ్ ఆఫీసెస్ ఇన్ టెంట్స్ ఆల్సో. వెన్ ఆంధ్రప్రదేశ్ కేమ్, క్యాపిటల్ షిఫ్టెడ్ టు హైదరాబాద్. ఐ డోంట్ నో వై డిడ్ దే షిఫ్ట్.”

అర్థం కానిదేమైనా ఉందా? లేదు. అందుకే ఎవరూ దిద్దరు. ఇప్పుడు లెక్కపెట్టండి. ‘దట్ టైమ్’కు ముందు ‘ఎట్’ లేదు. ‘ఆర్ కీపింగ్’లో కాలం తప్పు, క్రియా తప్పే, ఆఫీసులను ‘కీప్’ చేయరు, ‘ఆఫీసెస్ వర్ రన్ ఫ్రమ్ టెంట్స్’ అనాలి. చివర్లో ‘ఆల్సో’ మన ‘కూడా’; అక్కడ ‘ఈవెన్ ఫ్రమ్ టెంట్స్’ కావాలి. రాష్ట్రం ‘కేమ్’ కాదు, ‘వాజ్ ఫార్మ్‌డ్’. రెండోసారి వచ్చిన ‘క్యాపిటల్’ ముందు ‘ద’ పోయింది. ఆఖరి వాక్యం ‘వై దే షిఫ్టెడ్ ఇట్’ అని ఉండాలి. నాలుగు వాక్యాల్లో ఇన్ని! మీ కాగితం చూసి కంగారు పడకండి, ఈ స్థాయిలో ఇది మామూలే.

ఇప్పుడు నోట్‌బుక్‌లో పట్టిక వేయండి. గడులు: ఆర్టికల్స్, కాలం, ప్రిపొజిషన్లు, ఏకవచనం–బహువచనం, వాక్యంలో పదాల క్రమం, జతపదాలు (ఏ పదం పక్కన ఏది రావాలో), ఇతరాలు. ఒక్కో తప్పుకు ఒక్కో గీత. చివర్లో వంద పదాలకు ఎన్ని తప్పులో లెక్కకట్టండి: 360 పదాల్లో 18 తప్పులుంటే వందకు 5. మొత్తం తప్పుల సంఖ్యను నమ్మవద్దు. నెల తర్వాత మీరు ఎక్కువ మాట్లాడతారు, సంఖ్య పెరిగినట్టు కనిపిస్తుంది.

మూడుసార్లకు తక్కువ వచ్చిన తప్పులను ప్రస్తుతానికి వదిలేయండి.

3. రెండు వారాలకు ఒక్క తప్పు

ఎక్కువ గీతలు పడ్డ గడి మొదట తీసుకోండి. రెండు వారాలు అదొక్కటే. 12 వారాలకు ఐదారు తప్పులు. తక్కువే అనిపిస్తుంది. కానీ మీ ఎరుపులో పెద్దభాగం ఆ గడుల్లోనే ఉంటుంది.

మన తెలుగు నుంచి వచ్చే తప్పులు, వాటి మూలాలు చూస్తే వెతకడం తేలిక:

‘రెండేళ్ల నుంచి’ తప్పు. ‘రెండేళ్ల నుంచి పనిచేస్తున్నా’, ‘2019 నుంచి పనిచేస్తున్నా’. మనకు రెండుచోట్లా ‘నుంచి’యే, క్రియ కూడా ‘చేస్తున్నా’నే. అందుకే “ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్” వస్తుంది. ఒకే వాక్యంలో రెండు తప్పులు. కాలవ్యవధికి ‘ఫర్’, మొదలైన సమయానికి ‘సిన్స్’, రెండింటికీ ‘హావ్ బీన్ వర్కింగ్’. అభ్యాసానికి మీ జీవితంలోంచే పది నిజాలు తీసుకోండి: ఈ ఇంట్లో ఎన్నాళ్లుగా ఉంటున్నారు, ఈ ఫోను ఎప్పటినుంచి వాడుతున్నారు. ఒక్కోటి రెండు రకాలుగా చెప్పండి.

‘అనుకుంటున్నాను’ తప్పు. అభిప్రాయం చెప్పేటప్పుడు “ఐ యామ్ థింకింగ్ దట్…”, “ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్”, “ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్”. స్థితిని చెప్పే క్రియలకు ‘ఇంగ్’ తగిలిస్తున్నారన్నమాట. ‘నో, బిలాంగ్, ఓన్, కన్సిస్ట్, ప్రిఫర్’ కూడా ఇదే గుంపు.

‘ఎక్కడున్నాడో’ తప్పు. “ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ”. ప్రశ్న మరో వాక్యంలో దూరగానే మామూలు వాక్యం వరసకు రావాలి: ‘వేర్ హీ ఈజ్’. ‘డు, డిడ్’ ఎగిరిపోవాలి. దీన్ని సరిచేయడం మిగతావాటికంటే సులువు. రెండు వారాలు అక్కర్లేకపోవచ్చు.

‘గురించి’, ‘కి’, ‘తో’ తప్పులు. “డిస్కస్ అబౌట్”, “మ్యారీడ్ విత్”, “కంప్రైజెస్ ఆఫ్”, “ఎక్స్‌ప్లెయిన్డ్ మీ”, “హీ టోల్డ్ దట్”. వీటికి రూలు వెతక్కండి, దొరకదు. క్రియను దాని తోకతో సహా నేర్చుకోవడమే దారి: ‘ఎక్స్‌ప్లెయిన్ సమ్‌థింగ్ టు సమ్‌వన్’, ‘టెల్ సమ్‌వన్ దట్’, ‘సే దట్’.

‘నిన్ననే’ తప్పు. మన ఏకారం ఇంగ్లీషులోకి ‘ఓన్లీ’గా దిగుతుంది: “ఐ కేమ్ ఎస్టర్‌డే ఓన్లీ”. ఇంగ్లీషులో ఆ బలం చాలావరకు గొంతుతోనే పలుకుతుంది. ‘ఎస్టర్‌డే’ మీద నొక్కితే చాలు, లేదా ‘ఐ ఓన్లీ కేమ్ ఎస్టర్‌డే’.

‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’, ఇన్ఫర్మేషన్స్, ఎక్విప్‌మెంట్స్, ఫర్నిచర్స్, లగేజెస్, ఫీడ్‌బ్యాక్స్. డిక్షనరీలో పదం పక్కన లెక్కపెట్టేదో కాదో గుర్తు ఉంటుంది, ఒక్కసారి చూసి పట్టికలో రాసుకోండి.

ఇక ఆర్టికల్స్. ఇది అన్నిటికంటే మొండిది. తెలుగులో అసలు లేనిది కాబట్టి ‘ఒక’, ‘ఆ’ పెట్టి చూస్తే సగంసార్లు తప్పుతుంది. చిన్న పిల్లల రూల్స్ దీనికి చాలవు. ప్రతి నామవాచకానికీ రెండు ప్రశ్నలు వేసుకోండి: ఏదో ఎదుటివాళ్లకు ఇప్పటికే తెలుసా? తెలిస్తే ‘ద’. తెలియకపోతే, ఒకటీ రెండూ అని లెక్కపెట్టగలమా? పెట్టగలిగి, ఒక్కటే అయితే ‘ఎ’ లేదా ‘ఆన్’. లేకపోతే ఏమీ వద్దు. రాగి సంగటి చెబుతూ ‘బాయిల్ వాటర్ ఇన్ ఎ పాట్’ అన్నారనుకోండి, తర్వాతి వాక్యంలో అది ‘ద వాటర్’, ‘ద పాట్’ అయిపోవాలి. ఎక్కువమంది తప్పేది ఈ రెండోసారి దగ్గరే.

అభ్యాసం: సంపాదకీయంలో 150 పదాల పేరా టైపు చేసి, అందులోని ‘ఎ, ఆన్, ద’ అన్నీ తీసేసి దాచండి. మరుసటి రోజు నింపండి, అసలుతో పోల్చండి. తప్పినచోట ఆ రెండు ప్రశ్నల్లో ఏది వేసుకోలేదో పక్కన రాయండి. మొదట్లో నాలుగింట ఒకటి తప్పినా పర్వాలేదు. పదింట ఒకటికి దిగాక మాటలోకి వెళ్లండి. ఆర్టికల్స్‌కు రెండు వారాలు చాలవు, నాలుగు ఇవ్వండి. నూటికి నూరు వస్తాయని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి.

4. పదాలు కాదు, జతలు

జీఆర్‌ఈ పరీక్షకు ఇచ్చే కష్టపదాల జాబితాలు బట్టీపట్టడం మానండి. ఇంగ్లీషు నవల, పేపరు సాఫీగా చదవడానికి 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు (ఒక పదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) కావాలని 2006లో పదసంపద పరిశోధకుడు పాల్ నేషన్ లెక్కగట్టారు. మీకు వాటిలో చాలావరకు ముఖపరిచయం ఉంది. ఆ పదం ఏ పదంతో కలిసి నడుస్తుందో తెలియదు, అదే లోటు. ‘డూ ఎ మిస్టేక్’ అనేవాళ్లకు ‘మిస్టేక్’ రాదా? ‘మేక్’ జత పడలేదంతే.

రోజుకు ఐదు జతలు, అంతకు మించొద్దు. సంపాదకీయంలో క్రియ, నామవాచకం పక్కపక్కన ఉన్నచోట గీత గీయండి: ‘రీచ్ ఎ కన్సెన్సస్’, ‘రెయిజ్ కన్సర్న్స్’, ‘పోజ్ ఎ థ్రెట్’, ‘మీట్ ఎ డెడ్‌లైన్’. నోట్‌బుక్ వెనక వైపు జత రాసి, దానికింద అది వచ్చిన వాక్యం, ఆ కింద మీ ఊరి మాటతో మీ వాక్యం రాయండి. వర్షాభావం కదిరి రైతుకు ఏ ‘థ్రెట్ పోజ్’ చేస్తుందో రాస్తే గుర్తుంటుంది. పుస్తకంలోని వాక్యం గుర్తుండదు. 1, 3, 7, 21వ రోజుల్లో క్రియను చేత్తో మూసి చెప్పుకోండి.

ఇక్కడ రెండు తప్పులు చేస్తారు. ఒకటి, థిసారస్ (సమానార్థక పదాల నిఘంటువు) తెరిచి ప్రతి చిన్న పదం బదులు పెద్ద పదం పెట్టడం. దిద్దేవాళ్లు వెంటనే కనిపెడతారు. రెండు, పుస్తకపు మాటలను నోటి మాటలో దింపడం: స్నేహితుడితో ‘కమెన్స్’, ‘పర్చేజ్’ అనడం. డిక్షనరీలో ‘ఫార్మల్’ అని ఉంటే రాతకే ఉంచండి. ‘డూ ద నీడ్‌ఫుల్’ మన కలెక్టరేటుకు రాసే అర్జీలో తప్పేం కాదు, బాగా చెల్లుతుంది. లండన్ కంపెనీకి రాసే మెయిల్లో పాతకాలపు వాసన కొడుతుంది. ఎవరికి రాస్తున్నారో చూసుకోండి.

5. మాట: నాలుగు, మూడు, రెండు

ఒకే విషయం మూడుసార్లు చెప్పాలి. మొదట నాలుగు నిమిషాల్లో, తర్వాత మూడు నిమిషాల్లో, ఆఖరికి రెండు నిమిషాల్లో. వీలైతే ప్రతిసారీ వేరే మనిషికి. ఏం చెప్పాలో వెతుక్కునే భారం తగ్గి, ఎలా చెప్పాలో మీద మనసు నిలుస్తుంది. 1983లో కీత్ మారిస్ రాసిన ఈ అభ్యాసం ఇప్పటికీ మాట సాఫీ కావడానికి చేయదగ్గ వాటిలో మొదటిది.

ఇందులో ఒక గొయ్యి ఉంది. తొందరలో మీ పాత తప్పే మూడుసార్లు పలికి ఇంకా స్థిరపడుతుంది. అందుకని మొదటి సారి రికార్డు చేసి, ఈ రెండు వారాల తప్పు ఎక్కడ వచ్చిందో మాత్రం వెతికి దిద్దుకుని, అప్పుడు రెండోసారి చెప్పండి.

తోడుకు ముందే చెప్పండి: ‘నేను మధ్యలో ఆగను. ఈ వారం తప్పు వచ్చినప్పుడల్లా నువ్వు చెయ్యెత్తు, చాలు.’ అన్నీ దిద్దమంటే రెండో రోజుకే మానేస్తారు. లేదా మొహమాటానికి ‘బాగుందప్పా’ అని ఊరుకుంటారు. స్నేహితులు దిద్దరు, అది వాళ్ల తప్పు కాదు. మీరు చెప్పింది వాళ్లకు అర్థమైపోయింది మరి.

తోడు ఎవరన్నది ముఖ్యం. ఇద్దరూ తెలుగువాళ్లయితే ఇద్దరికీ ఒకే చెవుడు. కర్నూలు, కడపల్లో ఉర్దూ మాట్లాడే స్నేహితులుంటే మంచి అవకాశం: వాళ్ల భాషలో ‘జ’కు, ‘జడ్’కు తేడా ఉంది కాబట్టి, మీరు ‘జీరో’ అన్నప్పుడు తెలుగు జకారం పలికితే వెంటనే పట్టేస్తారు. ‘ఎఫ్’ కూడా అంతే. కానీ ‘సిన్స్ టూ ఇయర్స్’ విషయంలో వాళ్లను నమ్మకండి. ఉర్దూలోనూ రెండుచోట్లా ‘సే’యే వస్తుంది, ఆర్టికల్స్ అక్కడా లేవు. అలాంటి తప్పులకు ఇంగ్లీషు లెక్చరరో, విదేశాల్లో కొన్నేళ్లు పనిచేసి వచ్చినవాళ్లో కావాలి. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయాల పీజీ విద్యార్థుల్లో ఇలాంటి తోడు వెతుక్కునేవాళ్లు ఉంటారు. అక్కడ కదిలిస్తే దొరకొచ్చు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ కూడా తెలుగు పండితులను దగ్గర పెట్టుకునే పనిచేశాడు. అంతటి దొరకే దిద్దేవాళ్లు కావాల్సి వచ్చారు.

ఎవరూ దొరక్కపోతే: మూడుసార్లూ ఫోనుకే చెప్పండి, మొదటిదీ ఆఖరిదీ రాసి పోల్చండి. ఫలితం కొంచెం నెమ్మది, అంతే.

6. వినడం, పలకడం

బ్రిటిషువాళ్లలా పలకడం గురి కాదు. ఎదుటివాళ్లు ‘మళ్లీ చెప్పండి’ అనకూడదు, అంతవరకే. అందుకు నాలుగు చూసుకోండి.

ఒత్తు (స్ట్రెస్). తెలుగులో ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒక్కదాన్ని నొక్కి మిగతావి మింగుతారు. డిక్షనరీలో చిన్న నిలువు గీత ఎక్కడుంటే దాని వెంటనే ఉన్న అక్షరం మీద ఒత్తు. ‘డెవలప్’, ‘హోటల్’, ‘కమిటీ’ అన్నిటికీ ఒత్తు రెండో అక్షరం మీదే. ‘ఫోటోగ్రాఫ్’కు మొదటిది, ‘ఫోటోగ్రఫీ’కి రెండోది. మీ వృత్తిలో రోజూ వాడే 50 పదాలకు ఒత్తు చూసి రాసుకోండి, పేరు తెలియని 500 పదాలకంటే అదే మేలు.

కొసలు. ‘లుక్‌డ్’ కాదు, ‘లుక్ట్’, ఒక్క అక్షరమే. ‘ప్లేడ్’లో ‘డ్’. ‘వాంటెడ్’, ‘నీడెడ్’ లాంటివాటిలో మాత్రమే ‘ఎడ్’ వేరుగా పలుకుతుంది.

మొదటి అచ్చు. ‘ఎగ్’ ముందు ‘య’, ‘ఓన్లీ’ ముందు ‘వ’ చేరి ‘యెగ్’, ‘వోన్లీ’ అవుతాయి. రికార్డు చేసి వింటే గానీ తెలియదు.

వీ, డబుల్యూ. ‘వీ’తో మొదలయ్యే ‘వైన్’ (తీగ), డబుల్యూతో మొదలయ్యే ‘వైన్’ (ద్రాక్షసారా) అని రెండు వేరువేరు పదాలను మనం ఒకటే చేస్తాం. ‘వీ’కి పై పళ్లు కింది పెదవిని తాకాలి. డబుల్యూకి పెదవులు గుండ్రంగా చుట్టాలి, పళ్లు తగలకూడదు. అద్దం ముందు చూసుకోండి.

వారానికి మూడుసార్లు ఒక్క నిమిషం వార్తల క్లిప్పు తీసుకుని, మాట వెంట మాటగా వాళ్లతోపాటే పలకండి. ఒకసారి 30 సెకన్ల ముక్క వింటూ అక్షరం పొల్లుపోకుండా రాయండి, తర్వాత సబ్‌టైటిల్స్‌తో పోల్చండి. మీరు వదిలేసినవి పెద్ద పదాలు కావు, ‘హావ్, ఆఫ్, టు, ఎ’ లాంటి చిన్నవే ఎక్కువ ఉంటాయి. వినపడనిది నోటికి రాదు, ఆర్టికల్స్ పోవడానికి అదీ ఒక కారణం. క్లిప్పు నడిచే వేగం 0.75 కంటే తగ్గించకండి. తగ్గిస్తే మింగిన అక్షరాలు సాగి వినిపించి అసలు సంగతి తెలియదు.

7. రాత

ఒక మంచి పేరా చదివి, పది పదాల్లో నోట్సు తీసుకుని, పేపరు మూసేయండి. మరుసటి రోజు ఆ నోట్సు చూసి పేరా తిరిగి రాయండి. అసలు పక్కన పెట్టి చూడండి: మీరెక్కడ మూడు వాక్యాలు వాడారో వాళ్లెక్కడ ఒక్క వాక్యంతో ముగించారో కనిపిస్తుంది. వారానికి రెండు పేరాలు చాలు.

గ్రామర్ దిద్దే యాప్‌లు, ఏఐ వాడొచ్చు, వరస ముఖ్యం. ముందు మీరు పచ్చ పెన్ను పెట్టాలి, ఆ తర్వాతే యాప్. ‘తప్పులున్నచోట గుర్తుపెట్టు, దిద్దకు’ అని అడగండి. మొత్తం తిరగరాసి ఇమ్మంటే చక్కని వ్యాసం చేతికొస్తుంది గానీ అది యాప్ ఇంగ్లీషు, మీది కాదు. అవి చెప్పేది ప్రతిసారీ సరైనదీ కాదు. అనుమానం వస్తే డిక్షనరీలో ఉదాహరణ వాక్యం చూడండి.

ఫలితం ఎలా చూసుకోవాలి?

4, 8, 12 వారాల చివర మొదటి మెట్టును మళ్లీ చేయండి. విషయం కొత్తదైనా రకం పాతదే ఉండాలి: మొదట కథ చెప్పి ఉంటే ఇప్పుడూ కథే. వందకు ఎన్ని తప్పులో, ఏ గడిలో ఎన్నో చూడండి.

నాలుగో వారంలో కొందరికి సంఖ్య పెరుగుతుంది. కంగారు పడి మానేసేది అక్కడే. మొదట చెప్పని పొడవాటి వాక్యాలు ఇప్పుడు ప్రయత్నిస్తున్నారా అని కాగితంలో చూడండి. అవునంటే అది మంచి పెరుగుదలే, ఎనిమిదో వారానికి దిగుతుంది. వాక్యాలు పాతవే, తప్పులూ పాతవే అయితే మీరు మాట్లాడుతున్నారు గానీ మూడో మెట్టు చేయడం లేదన్నమాట.

ఎర్ర గీతలు పచ్చగా మారడం కూడా ఫలితమే. తప్పు ఇంకా వస్తోంది, కానీ ఇప్పుడు మీకు వినపడుతోంది. రాతలో పోయి మాటలో మిగిలితే సహజం, మాటకు ఆలోచించే సమయం ఉండదు కాబట్టి ఆ తప్పుకే ఇంకో రెండు వారాల 4–3–2 ఇవ్వండి.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకు ఒక మాట. మాట్లాడే పరీక్షలో గ్రామర్‌కు 6 బ్యాండు అంటే సంక్లిష్ట వాక్యాల్లో తరచూ తప్పులున్నా అర్థానికి అడ్డురాని స్థితి. 7 అంటే తప్పులేని వాక్యాలు తరచుగా రావాలి. కాబట్టి మీ కాగితంలో తప్పులతోపాటు, ఒక్క తప్పూ లేని వాక్యాలు ఎన్నో కూడా లెక్కపెట్టండి. వరసగా రెండు కొలతల్లో సగానికి పైగా వాక్యాలు శుభ్రంగా వచ్చాకే ఫీజు కట్టండి. స్కోరుకు రెండేళ్లే గడువు కాబట్టి, దరఖాస్తు ఎప్పుడు పెడతారో లెక్కచూసుకుని తేదీ తీసుకోండి.